మా ఇంటి పేరంటాలు

మా ముత్తాతగారు దివాణంలో ఠాణేదారు. ఆయన గుర్రం వీధి మొదట్లో కనిపిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. మా తాతగారి నాటికి గుర్రమూ లేదు, ఠాణా కూడా లేదు. అయినా ఆయన తగువు తీర్చడానికి కూర్చున్నారంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ మాటకు కట్టుబడేవారు. మా నాన్నగారి నాటికి తగువులు కోర్టులకు వెళ్ళిపోయాయి. ఆయనకు మిగిలింది ఇంటిపేరు, నాలుగు జరీ కండువాలు, ఇంట్లో పేరంటాలు. ఆ ముగ్గురి తర్వాత ఆ ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే. ఆడపిల్లనైనా వారసురాలిని నేనే కాబట్టి ఇది రాసే పని కూడా నాదే.

పేరంటాలంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. పసుపు కుంకుమలతో గానీ, కన్నెగా గానీ చిన్న వయసులో పోయిన ఆడపిల్ల ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉంటుందని మా వైపు నమ్మకం. ఆమె పేర ఒక గదిలో గోడకు పసుపు పూసి బొట్లు పెడతారు. ఏటా ఒకరోజు కొత్త చీర పెట్టి, ఆమెకు ఇష్టమైనవి వండి విస్తరి వేస్తారు. మా ఇంటి పేరంటాలు మా మేనత్త, నాన్నగారి చెల్లెలు. నేను పుట్టకముందే, పెళ్ళి కాకుండానే, విశాఖపట్నంలో బంధువుల ఇంట విషజ్వరంతో పోయిందని చెప్పేవారు. నాకు ఆవిడ పేరే పెట్టారు.

ఆ రోజున ఊరంతా మా ఇంటికి వచ్చేది. మిగతా రోజుల్లో మా గుమ్మం ముందు నుంచి సైకిల్ దిగకుండా పోయేవాళ్ళు కూడా ఆ రోజు చెప్పులు వీధిలో విడిచి, పసుపు, గాజులు పట్టుకుని వరసలో నిలబడేవారు. బిడ్డకు జ్వరం తగ్గితే గాజులు పెడతామని మొక్కుకున్నవాళ్ళు, కోడలు నీళ్ళోసుకుంటే రవికెలగుడ్డ పెడతామన్నవాళ్ళు ఉండేవారు. నాన్నగారు కండువా వేసుకుని గది పక్కన కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. వచ్చినవాళ్ళు ముందు అత్తకు దండం పెట్టి, తర్వాత ఆయనకు పెట్టేవారు. నేను లెక్కల పరీక్ష ముందు ఆవిడకు మొక్కుకునేదాన్ని. ఎలాగో పాసయ్యేదాన్ని.

పోయిన నెల మా చిన్నాన్న పెద్దకర్మకు భిలాయి వెళ్ళాను. రిసాలిలో వాళ్ళ ఇల్లు. మర్నాడు పొద్దున్న ఆయన మనవడు స్కూటర్ మీద ఎక్కడికో వెళ్ళి కాగితం పొట్లం తెచ్చి నా ముందు పెట్టాడు.

“అత్తా, తినండి. గరమ్ ఉంది. క్యాంప్ టూలో పాత దుకాణం. తాతకి ఇదే పసంద్.”

విప్పాను. బెల్లం గారెలు. పాకంలో శొంఠితో పాటు మిరియం దంచి వేసిన వాసన. మా ఇంట్లో తప్ప ఆ పాకంలో మిరియం వేసేవాళ్ళను నేనెక్కడా చూడలేదు. పిల్లవాడు చెప్పుకుపోతున్నాడు: “ముందు ఎవరో తెలుగు ఆంటీ నడిపేదట. ఇప్పుడు వేరేవాళ్ళది. ఆవిడ నేర్పించినట్టే చేస్తారట.”

ఒక గారె విరిచి నోట్లో పెట్టుకున్నాను.

నాకు పదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, మామ్మ నన్ను వెంటబెట్టుకుని మొదటిసారి భిలాయి వెళ్ళింది. పిన్నికి నెలలు నిండుతున్నాయి, పురుడు పోయడానికి ఆవిడకు తల్లి లేదు. నాన్నగారికి ఆ ప్రయాణం ఇష్టం లేదు. ఠాణేదారు మనవడు ఖాకీ బట్టలేసుకుని ఇనుము కరిగించే చోట పనికి కుదిరాడని ఆయన తమ్ముడి పేరే ఎత్తేవారు కాదు. మమ్మల్ని స్టేషనుకు బండిలో పంపి, ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

దారిలో మామ్మ రైలు పెట్టె దిగలేదు, ప్లాట్‌ఫారం మీది తిండి ముట్టలేదు. మరచెంబులో మా నూతి నీళ్ళు, డబ్బాలో పులిహోర తెచ్చుకుంది. మూడో పూటకు పులిహోర వాసన మారినా అదే తింది. నాకూ అదే పెట్టింది. దుర్గ్‌లో దిగేసరికి చిన్నాన్న డ్యూటీ నుంచి తిన్నగా వచ్చి నిలబడి ఉన్నాడు, నెత్తి మీద ప్లాంటు టోపీతో.

“ఇదేట్రా, నెత్తి మీద గంప?” అంది మామ్మ.

“ఇది లేకపోతే నెత్తి మిగలదమ్మా.”

“ఠాణేదారుగారి తలపాగా మీ అన్నయ్య ఇంకా పెట్టెలో దాచేడు తెలుసా.”

“దాచనీ. కొలిమి దగ్గరికి అది పెట్టుకెళ్తే అంటుకుంటాది.”

మామ్మ నవ్వాపుకోవడం నేను చూశాను.

క్వార్టర్ చిన్నది. రెండు గదులు, ముందు జామచెట్టు, కిటికీకి వట్టివేళ్ళ తడిక. పిన్ని గంటకోసారి దాని మీద నీళ్ళు చల్లితే గదంతా తడిమట్టి వాసన వచ్చేది. షిఫ్టు మారినప్పుడు సైరన్ కూసేది, వెంటనే రోడ్డంతా సైకిళ్ళు. సాయంత్రాలు ప్లాంటు వైపు, ఇనుము తీశాక మిగిలిన చిట్టెం కుతకుతలాడుతుండగానే పారబోస్తే ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడేది. మొదటిరోజు నేను ఎక్కడో ఊరు తగలబడుతోందని ఏడ్చాను. పక్క క్వార్టర్ పిల్లలు ఆ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వారు. వాళ్ళు తెలుగువాళ్ళే. కానీ తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించేవారు.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. బజారులో కొట్టు ముందు నిలబడి తినకూడదు. కొనుక్కోవచ్చు, ఇంటికి తెచ్చుకుని మన గిన్నెలో వేసుకుని తినాలి. చిన్నాన్న సెలవురోజు నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని తిప్పినప్పుడు ఆ నియమం నాకు గండమైంది. పొద్దున్న పోహా, పక్కన వేడి జిలేబీ. అటుకుల మీద నిమ్మరసం పిండి, సేవ్ చల్లి, కాగితం మీద పెట్టిస్తారు. సాయంత్రం గుప్‌చుప్ బండి, మన పానీపూరీకి అక్కడి పేరు. నేను వాసన పీలుస్తూ చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాను.

“ఏటే, తినవా?”

“నిలబడి తినకూడదు.”

చిన్నాన్న నన్నెత్తి సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టాడు. “ఇప్పుడు నిలబడలేదు కదేటి దొరసానీ. తిను.”

ఆ నెలంతా నేను క్యారియర్ మీద కూర్చునే తిన్నాను. గుప్‌చుప్ భయ్యా నన్ను చూడగానే, “ఆ గయీ సైకిల్‌వాలీ మేమ్ సాబ్,” అనేవాడు. ఒకసారి జిలేబీ ఒకటి మామ్మ కోసమని పరికిణీ బొడ్లో దాచి తెచ్చాను. ఇంటికొచ్చేసరికి పాకం కారి పరికిణీ ఒంటికి అంటుకుపోయింది. చీమలు పట్టాయి. మామ్మ ఆ జిలేబీ ముట్టలేదు కానీ, చీమలు దులుపుతూ, “నా కోసం తెచ్చేవా?” అని రెండుసార్లు అడిగింది.

ఒక మధ్యాహ్నం చిన్నాన్న మొదటి షిఫ్టు దిగి ఆకు పొట్లం తెచ్చాడు. మామ్మ ముందు పెట్టి బూట్ల తాళ్ళు విప్పుకుంటూ కూర్చున్నాడు.

“తెలుగావిడ చేసిందమ్మా. శుభ్రంగా చేస్తాది. ఒక్కటి చూడు.”

“కొట్టుదేనా?”

“కొట్టుదే.”

“అయితే పిల్లకి పెట్టు.”

నేను సగం కొరికి, “మామ్మా, మన పేరంటాలమ్మకి చేసినట్టే ఉన్నాయి,” అన్నాను.

మామ్మ చేతిలో విసనకర్ర ఆగింది. నా చేతిలోంచి ఆ సగం గారె తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత చిన్నాన్న వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు, తాళ్ళు విప్పుతూనే ఉన్నాడు. మామ్మ లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి మంచినీళ్ళకని నేను వంటింట్లోకి వెళితే, గోడవైపు తిరిగి, నేల మీద చతికిలబడి, నా ఎంగిలి గారె తింటోంది.

మర్నాడు చిన్నాన్నతో అంది: “పిల్లని ఆ కొట్టుకి తీసుకెళ్ళి చూపించు.”

“నువ్వూ రామ్మా.”

“ముందు పిల్లని చూపించు.”

క్యాంప్ టూ సందులు చిన్నాన్నవాళ్ళ క్వార్టర్లున్న సెక్టార్ రోడ్లలాంటివి కావు. ఇంటి మీద ఇల్లు పడ్డట్టుంటుంది. ఒక రేకుల షెడ్డు, ముందు బెంచీ, గోడకు తెలుగు చర్చి క్యాలెండర్. పొయ్యి ముందు కూర్చున్నావిడకు బొట్టు లేదు. నుదురు విశాలంగా ఉంది. ఎదురుగా ఒక పనివాడు ప్లేటు పట్టుకుని సతాయిస్తున్నాడు.

“ఒలే అప్పా, ఏటిది, గారి సిన్నదైపోనాది, బొక్క పెద్దదైపోనాది.”

“బొక్క ఊరికే ఇచ్చేనురా. గారికే తీసుకుంటాను డబ్బులు. తిను.”

పక్కవాళ్ళు నవ్వారు. ఆవిడ కూడా నవ్వుతూ మా వైపు తిరిగింది. “ఎవరీ పిల్ల?”

“అన్నయ్య కూతురు,” అన్నాడు చిన్నాన్న.

జల్లిగరిటె చేతిలోనే ఆగింది. “పేరేటమ్మా?”

చెప్పాను. ఆవిడ నన్ను అలాగే చూసి, “మంచి పేరు. ఎవరిదేటి ఆ పేరు?” అంది.

కొత్తవాళ్ళు అడిగితే స్పష్టంగా, పూర్తిగా చెప్పాలని మా ఇంట్లో నేర్పారు. చెప్పాను. “మా పేరంటాలమ్మది. మా అత్త. చచ్చిపోయింది. మా ఇంట్లో గది ఉంది ఆవిడకి. ఊరంతా వస్తారు.”

“ఊరంతానా? ఏటి పెడతారు ఆవిడకి?”

“పులగం, బెల్లం గారెలు, దొరికితే పనసతొనలు. ఉప్పు చూడకుండా వండాలి.”

“అందుకేనేమో,” అందావిడ. ఎందుకో చెప్పలేదు. “చీర?”

“ఏటా కొత్తది. మొన్న ఆకుపచ్చది పెట్టేరు. పెద్దయ్యేక అవన్నీ నేనే కట్టుకోవాలి.”

“నువ్వేం కోరుకుంటావు ఆవిడని?”

“లెక్కల్లో పాసవ్వాలని.”

“అయ్యేవేటి?”

“అయ్యేను.”

“చిత్రమే. నాకు లెక్కలు ఒక్క ముక్క రావు.”

“మాడిపోతన్నాయే అప్పా,” అన్నాడు బెంచీ మీది మనిషి. మూకుడులో గారెలు నల్లబడ్డాయి. చిన్నాన్న నా చెయ్యి పట్టుకుని, “పద,” అన్నాడు.

ఇంటికి రాగానే మామ్మ నన్ను జామచెట్టు కిందికి తీసుకెళ్ళింది.

“చిక్కిందేటి?”

“ఎవరు?”

“ఆ కొట్టావిడ. చిక్కిందా, ఒళ్ళు చేసిందా?”

“తెలదు. చేతుల మీద నూనె చిట్లిన మచ్చలున్నాయి.”

“ఏ చెయ్యి?”

“రెండూ.”

మామ్మ తన చేతులు చూసుకుంది. ఆ చూపుతో నాకు అర్థమైంది. నేను పరీక్షల ముందు మొక్కుకున్న పేరంటాలమ్మతోనే ఆవిడ చావు గురించి మాట్లాడి వచ్చాను. ఆవిడకేం వండుతామో, ఏ రంగు చీర పెడతామో ఆవిడకే చెప్పాను.

మిగతాది చిన్నాన్న చెప్పగా తర్వాత తెలిసింది. మిషన్ బడిలో పనిచేసే క్రైస్తవుడైన మేష్టరుతో అత్త వెళ్ళిపోయింది. తాతగారు విశాఖపట్నంలో జ్వరంతో పోయిందని ఊరికి చెప్పి పన్నెండో రోజు భోజనాలు పెట్టించారు. ఆ తర్వాత మామ్మ గదిలో గోడకు పసుపు రాసింది. పోయిందన్నాక ఆకలితో వదలకూడదనుకుందో, ఏడాదికోసారైనా ఆ పేరు పైకి అనడానికి అదొక్కటే దారనుకుందో నాకు తెలియదు. మేష్టరు ప్లాంటులో చేరాడు. చిన్నాన్నకు, ఆయన చెల్లెలికి ఒకే ఊళ్ళో అన్నం రాసిపెట్టి ఉంది.

ఆదివారం చిన్నాన్న డ్యూటీకి వెళ్ళాక, గుడికని పిన్నితో చెప్పి మామ్మ నన్ను తీసుకుని రిక్షా ఎక్కింది. తీరా వెళితే కొట్టు మూసి ఉంది. క్రైస్తవులు ఆదివారం కొట్టు తెరవరన్న సంగతి మాకు తోచలేదు. మామ్మ ఆ బెంచీ మీద కూర్చుంది. రోడ్డు మీద, కొట్టు ముందు ఆవిడ కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. వీపు మాత్రం వాల్చలేదు.

సందు చివర చర్చిలో పాట ఆగి, జనం బయటికొచ్చారు. వాళ్ళలో అత్త, తెల్లచీర కట్టుకుని. పక్కన భర్త, నా వయసు పిల్ల ఒకతె. అత్త మమ్మల్ని చూసి నిలబడిపోయింది. మామ్మ లేచింది. కౌగలించుకుంటుందనో, తిడుతుందనో నేను చూస్తున్నాను. మామ్మ రెండు చేతులూ జోడించి, తల వంచి, కూతురికి దండం పెట్టింది.

ఏటా గదిలో గోడ ముందు పెట్టినట్టే పెట్టింది.

అత్త ఒక అడుగు వెనక్కి వేసింది. “అమ్మా, నాకు దండమేటే?”

మామ్మ తన చేతుల వంక చూసుకుంది. “అలవాటైపోనాదమ్మా,” అంది.

“యే కౌన్ హై, మమ్మీ?” అని ఆ పిల్ల అడిగింది. మా ఊరివాళ్ళని అత్త హిందీలోనే చెప్పింది. మేష్టరు దూరం నుంచే నమస్కారం పెట్టి, పిల్లను తీసుకుని ఇంటివైపు నడిచాడు.

అత్త తాళం తీసి తలుపు రేకు పైకెత్తింది. పొయ్యి రాజేసింది.

“ఆదివారం పొయ్యి వెలిగించొచ్చేటి మీకు?” అంది మామ్మ.

“బెంచీ మీద తినొచ్చేటి నీకు?”

మామ్మ తింది. ప్లేటు ఒళ్ళో పెట్టుకుని, మూడు గారెలు, దారిన పోయేవాళ్ళు చూస్తుండగా. నడుమ ఒకసారి, “ఉప్పు సరిపోయింది,” అంది. ఇద్దరూ పిన్ని పురుడు గురించి, నాన్నగారి నడుము నొప్పి గురించి మాట్లాడుకున్నారు. రోజూ కలుసుకునే మనుషుల్లా ఉన్నారు.

ప్లేటు తీసుకుంటూ అత్త అంది: “ఒక్కసారి ఇంటికొస్తానమ్మా. ఉండను. చూసి వచ్చేస్తాను.”

మామ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

“ఎలా వస్తావే? ఊరంతా నీ దగ్గరికే వస్తున్నారు. ఏడాదికి ఆ ఒక్కరోజే మన గడప తొక్కుతున్నారు. భూములు పోనాయి, మాట పోనాది. నువ్వున్నావని మీ అన్నయ్య ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు. నువ్వు బతికున్నావంటే వాడేటైపోతాడు?”

“అయితే అన్నయ్య కోసం నేను చచ్చిపోయే ఉండాలన్నమాట.”

మామ్మ బెంచీ మీంచి లేచి కుచ్చిళ్ళు సర్దుకుంది. అత్త పొయ్యిలో నిప్పు ఆర్పింది, ప్లేటు కడిగింది, చేతులు తుడుచుకుంది.

“సరే. ఆకుపచ్చది మాత్రం పెట్టకండి. నాకు నచ్చదని నీకు తెలుసు కదేటి.”

మళ్ళీ వాళ్ళిద్దరూ కలవలేదు.

మరుసటేడు మామ్మ నేరేడుపండు రంగు చీర తెప్పించింది. ఎందుకని నాన్నగారు అడిగితే, కలలో అడిగిందని చెప్పింది. పేరంటాలు కలలో రంగు చెప్పి మరీ చీర అడిగిందని ఊరంతా పాకింది. ఆ ఏడు పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. ఆ తర్వాత చిన్నాన్న ఉత్తరం వచ్చినప్పుడల్లా మామ్మకు ఏదో ఒక కల వచ్చేది. ఒక ఏడు పనసతొనలు వద్దంది, ఒక ఏడు గాజులు పెద్దవి కావాలంది. నాన్నగారు ఆ కలలను ఎన్నడూ ప్రశ్నించలేదు. ఆయనకు తెలుసో లేదో నేను అడగలేదు. మా ఇంట్లో అలాంటివి అడగరు.

మామ్మ పోయిన చాలా ఏళ్ళకు ఒక పొద్దున్న భిలాయి నుంచి ఫోను వచ్చింది. నాన్నగారే తీశారు. “ఊఁ” అని రెండుసార్లు అని పెట్టేశారు. పెరట్లోకి వెళ్ళి, కట్టుకున్న బట్టలతోనే నూతి దగ్గర తలమీంచి నీళ్ళు పోసుకున్నారు. తడిబట్టలతో వచ్చి నన్ను చూసి, “ఎండ ఎక్కువగా ఉంది,” అన్నారు. అది మాఘమాసం. నాలుగు నెలల తర్వాత ఎప్పటిలాగే ఆ రోజు వచ్చింది. ఎప్పటిలాగే కండువా వేసుకుని ఆయన కుర్చీలో కూర్చున్నారు.

అత్త బతికుండగా నేను పెద్దయ్యాక రెండుసార్లు భిలాయి వెళ్ళాను. క్యాంప్ టూ వైపు వెళ్ళలేదు. వేళ కుదరలేదని చెప్పుకున్నాను. వేళ ఉంది. ఆవిడ ఎదురుపడితే నా చేతులు ఏం చేస్తాయోనని భయపడ్డాను. ఊళ్ళో వరసలో నిలబడినవాళ్ళకు నిజం చెప్పే అవకాశం కూడా నాకు ఏటా ఒకసారి వచ్చేది. నాన్నగారి తర్వాత ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. నాకు దండాలు పెట్టినవాళ్ళు ఎవరికి పెడుతున్నారో తెలిసి కూడా వీపు నిటారుగా ఉంచి కూర్చున్నాను.

ఇల్లు కొనడానికి వచ్చిన రైసు మిల్లాయన దైవభక్తి గలవాడు. గది కదపనని ముందే చెప్పాడు. ఏ రోజున చీర పెట్టాలి, ఏం వండాలి అని అడిగి కాగితం మీద రాసుకున్నాడు. పాకంలో మిరియం వేయాలని చెప్పాను, ఆకుపచ్చ చీర పనికిరాదని చెప్పాను. భార్యాభర్తలిద్దరూ గోడ ముందు సాష్టాంగపడి లేచారు. పేరంటాలమ్మ ఎలా పోయారండీ అని ఆవిడ నన్నడిగింది.

విషజ్వరం అన్నాను.

ఇల్లు, దొడ్డి, పేరంటాలి గది, అన్నీ కలిపి ఒకే దస్తావేజు మీద కిందటేడు అమ్మేశాను.